ఆఖరి ఫైటు అయ్యేదాకా

లిఫ్టును గచ్చుకు సమంగా ఆపడంలోనే ఉంది పనితనమంతా. వేలెడు తేడా వచ్చినా దిగేవాళ్ల కాలు తట్టుకుంటుంది, తిట్లు లిఫ్టువాడికి తగులుతాయి. ఆయన ఇత్తడి పిడిని కుడిచేత్తో వెనక్కి తిప్పి, అరచెయ్యి చెప్పినచోట ఆపేశాడు. లిఫ్టు గచ్చూ మూడో అంతస్తు గచ్చూ ఒకే చాప పరిచినట్టు కలిశాయి. జాలీ తలుపు లాగి "మూడు" అన్నాడు. ఇద్దరు గుమాస్తాలు మాట్లాడుకుంటూ దిగిపోయారు. ఫైళ్లు గుండెకు హత్తుకుని ఒకామె ఎక్కింది.

"పైకా, కిందికా?" అని అడిగాడు.

ముప్ఫై ఒక్కేళ్లుగా ఇదే ప్రశ్న అడుగుతున్నాడు కాబట్టి ఆ ఏడంతస్తుల భవనంలో ఆయన పేరే పైకాకిందికా అయిపోయింది. హాజరు పట్టీలో ఇంకో పేరుందని అందరూ మర్చిపోయారు. ఒక్కోసారి ఆయన కూడా సంతకం పెట్టేముందు ఒక్క క్షణం ఆలోచించుకునేవాడు. సన్నటి మనిషి. ఖాకీ చొక్కా, మెడ దగ్గర అరిగిపోయి తిరగేసి కుట్టించిన కాలరు. ముప్ఫై ఒక్కేళ్లు పిడి పట్టుకున్నందుకు కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్లు కిందికి జారిపోయింది. దర్జీ ప్రతిసారీ కొలత తీసుకుని, తనదే పొరపాటనుకుని మళ్లీ తీసుకునేవాడు.

లిఫ్టులో ఓ మూలన స్టూలు. స్టూలు మీద కూర్చునేవాడికి జనం మొహాల కంటే మోచేతులు బాగా గుర్తుంటాయి. ఎవరి మోచెయ్యి ఎంత మొరటుదో, ఎవరిది పక్కకి తప్పుకుంటుందో ఆయనకు కంఠతా వచ్చు. మాట్లాడేవాళ్లు తక్కువ. చాలామంది వేళ్లు చూపిస్తారు, నాలుగంటే నాలుగు వేళ్లు. ఆరో అంతస్తు మేనేజరు అదీ చెయ్యడు. ఎక్కి నిలబడి ఫోను చూసుకుంటాడు. ఆయన్ని ఆరుకు తీసుకెళ్లాలని లిఫ్టుకే తెలిసుండాలి.

పొద్దుటి నుంచీ ఎడమ భుజం లాగుతోంది. భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి చిటికెన వేలికి. ఎక్కడెక్కడ ఆగుతుందో నొప్పికి కూడా తెలిసినట్టుంది అనుకున్నాడు. గుండె రక్తనాళాలు రెండు మూసుకుపోయాయనీ, సోమవారం వచ్చి చేరితే మంగళవారం ఆపరేషన్ చేస్తామనీ డాక్టరు చెప్పాడు. అంతదాకా మెట్లెక్కొద్దన్నాడు.

"మెట్లెక్కనండీ. నాది లిఫ్టు," అన్నాడాయన.

డాక్టరు నవ్వలేదు. ఆవేశపడే పనులు కూడా వద్దన్నాడు. గట్టిగా అరవడం, పోట్లాడుకోవడం, టీవీలో క్రికెట్టు, థ్రిల్లింగ్ సినిమాలు. ఆపరేషన్ ఎలా ఉంటుందండీ అని అడిగితే మాత్రం కాగితం మీద ఏదో రాసుకుంటూ, "వయసు కూడా చూడాలి కదా, చూద్దాం," అన్నాడు. ముప్ఫై ఒక్కేళ్లుగా పైకీ కిందికీ పెద్దవాళ్లను మోసిన మనిషికి 'చూద్దాం' అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే ఈ శనివారం సినిమా మానే ప్రసక్తే లేదని ఆయన డాక్టరు ఎదుటి కుర్చీలోనే నిర్ణయించుకున్నాడు. మానడం అటుంచి, ఆఖరి ఫైటు అయ్యేదాకా సీట్లోంచి లేవకూడదనుకున్నాడు.

పొద్దున్న ఇంట్లో దీని మీద చిన్న యుద్ధమే జరిగింది. ఆవిడ, అంటే ఆయన భార్య, ప్రసూతి ఆస్పత్రిలో ఇరవై రెండేళ్లు ఆయాగా చేసి మానేసిన మనిషి. నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"ఈ వయసులో ఆ కుంగ్‌ఫూ గోలేమిటండీ? మొన్న చూసిందీ అదే, అటుమొన్న చూసిందీ అదే."

"అదే ఎలా అవుతుందే? మొన్నటిదాంట్లో గురువుకి గడ్డం తెల్లగా ఉంది. దీంట్లో కనుబొమలు తెల్లగా ఉంటాయి."

"చూడకుండానే ఎలా తెలుసు?"

"పోస్టర్ చూశాగా."

"ఆ తెల్ల కనుబొమల ఆయన చస్తాడా?"

"ఇంటర్వెల్‌కి ముందు చస్తాడు."

"అన్నీ ముందే తెలిసినప్పుడు వెళ్లి చూడ్డం దేనికి?"

ఆయన బూట్ల లేసు కట్టుకోవడం ఆపి తలెత్తాడు. "నువ్వు లిఫ్టెక్కి ఆరు అన్నావనుకో. ఆరుకే వెళ్తుందని తెలిసే కదా ఎక్కుతావు. ఏడుకి తీసుకెళ్తే ఊరుకుంటావా?"

ఆవిడ గిన్నెల మీద చూపించింది కోపం. అంతలో అదే ఊళ్లో కాపురముంటున్న కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, సినిమా గినిమా అన్నావంటే నేనొచ్చి నీ చెప్పులు దాచేస్తా," అంది. ఆయన ఫోను చెవికి దూరంగా పట్టుకుని అంతా విన్నాడు. చివరికి ఆవిడే ఓ మెట్టు దిగింది. "నేనూ వస్తాను. బిళ్లలు నా సంచిలో ఉంటాయి. ఇంటర్వెల్ గంట కొట్టగానే లేచి వచ్చేద్దాం. సగం సినిమాకి సగం ఆవేశమే కదా," అంది.

ఆయన బుర్రూపాడు. బుర్రూపడానికేం, ముప్ఫై ఒక్కేళ్లుగా అందరికీ ఊపుతూనే ఉన్నాడు.

ఆ హాలుకు ఆయన పందొమ్మిదేళ్లుగా ప్రతి శనివారం మ్యాట్నీకి వెళ్తున్నాడు. మొదలు పోయిన రోజులున్నాయి గానీ చివర పోయిన రోజు ఒక్కటీ లేదు. ఓసారి వాన నీళ్లు హాల్లోకొచ్చి చీలమండల దాకా నిలిస్తే, కాళ్లు సీటు మీద పెట్టుకుని చూశాడు. ఓసారి కరెంటు పోయి గంటన్నర దాకా రాలేదు. అందరూ వెళ్లిపోయారు, ఆయనొక్కడే కూర్చున్నాడు. ఒక్కడి కోసం మిషను తిప్పనని ఆపరేటరు అంటే, "టిక్కెట్టు ఒక్కడికి ఒక్కటే కదండీ ఇచ్చింది," అన్నాడు. తిప్పించుకున్నాడు కూడా. ఆయన జీవితం మొత్తం మీద వాదించి గెలిచింది ఆ ఒక్కసారే.

గడియారం ఒంటిగంటకు ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తుంటే ఆరో అంతస్తు మేనేజరు కింద లిఫ్టు దగ్గరికి వచ్చాడు. తెల్లచొక్కా, తళతళలాడే బూట్లు, చేతిలో ఫోను. ఈసారి ఫోను చూడలేదు.

"ఒంటిగంటన్నరకి హెడ్డాఫీసు నుంచి నలుగురొస్తున్నారు. మూడింటిదాకా ఉండు."

"శనివారమండీ. ఒంటిగంటకి లిఫ్టు బంద్."

"తెలుసయ్యా. ఉండమంటున్నాను."

ఇలా ఉండమన్న శనివారాలు చాలానే ఉన్నాయి. ఉన్నాడు. ఉండి, ఆ తర్వాత హాలుకు పరిగెత్తి, చీకట్లో పక్కవాళ్ల కాళ్లు తొక్కుతూ సీటు వెతుక్కున్నాడు. ఇప్పుడు కూడా "అలాగేనండీ" అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అది బయటికి రాకముందే ఇంకో మాట దాన్ని పక్కకి నెట్టి వచ్చేసింది.

"మెట్లున్నాయండీ," అన్నాడు.

"ఏంటీ?"

"మెట్లున్నాయండీ. శనివారం ఒంటిగంట తర్వాత మెట్లే. ఆరో అంతస్తుకి నూట ముప్ఫై రెండు."

మేనేజరుకు కోపం రావడానికి కూడా కాస్త టైం పట్టింది. స్టూలు మాట్లాడితే ఎవరికైనా అంతే. ఆ సందులో ఆయన పిడిని అడ్డంగా తిప్పి, కటుక్కుమనిపించి ఊడదీశాడు. అది జానెడైనా లేని ఇత్తడి పిడి, అది లేకపోతే లిఫ్టు ఉత్త ఇనప గది. ఎప్పుడో ఓ ఆదివారం పిడి వదిలేసి వెళ్తే వాచ్‌మన్ చుట్టాలు లిఫ్టెక్కి ఐదుకీ ఆరుకీ మధ్య ఇరుక్కుపోయారు. అప్పటి నుంచీ శనివారం మధ్యాహ్నం పిడి జేబులో వేసుకుని, సోమవారం పొద్దున తేవడం ఆయనకు అలవాటు. రెండో పిడి ఒకటుండేది, పోయింది. లిఫ్టు చేసిన కంపెనీ కూడా పోయింది. కాబట్టి ఆ భవనంలో ఒక్కటంటే ఒక్క వస్తువు మీద ఆయనకు పూర్తి అధికారం ఉంది. దాన్ని ఖాకీ జేబులో వేసుకుని, జాలీ తలుపు మూసి, వీధిలోకి నడిచాడు.

"సోమవారం నీ సంగతి చూస్తా!" అని వెనక నుంచి వినపడింది.

సోమవారం నా సంగతి చూడ్డానికి ఇంకొకాయన ముందే ఉన్నాడులే అనుకున్నాడు. వీధి మలుపు తిరిగాక గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. గుండె దడదడలాడుతోంది. డాక్టరు చెప్పిన ఆవేశం ఇదే కాబోలు అనుకున్నాడు. బాగానే ఉందే అనుకున్నాడు.

ఆవిడ హాలు ముందు గొడుగు కింద నిలబడి ఉంది, ఎవరో తనను మోసం చేసి అక్కడికి రప్పించినట్టు మొహం పెట్టుకుని. చుట్టూ ఉన్న పోస్టర్లలో అందరూ ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. "వీళ్లకి రెండో కాలు కింద పెట్టడం రాదా?" అంది. ఆయన ఎప్పుడూ కూర్చునేది బాల్కనీలో. ఇవాళ మెట్లెక్కడానికి వీల్లేదని ఆవిడ కింద టిక్కెట్లే తీయించింది. అట్ట ఊడిపోయిన సీట్లు, తెర మీద ఎడమ మూల ఓ కుట్టు. ఆ కుట్టు ఎవరి మొహం మీద పడితే వాడికి గాటు పడ్డట్టుండేది. విలన్ అటువైపే నిలబడితే ఆయనకు ముచ్చటగా ఉండేది.

దీపాలు ఆరిపోయాయి. ఆయన జేబులోంచి పిడి తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. సినిమా చూసేటప్పుడు చెయ్యి ఖాళీగా ఉంటే ఆయనకు తోచదు.

మొదటి సీను సంతలో. పళ్లబండి కనపడగానే ఆయన ఆవిడ చెవి దగ్గరికి వంగి, "పడిపోతుంది చూడు," అన్నాడు. మరుక్షణం రౌడీలు దాన్ని తోసేశారు. "పాపం, వాడేం చేశాడండీ!" అంది ఆవిడ. "ఏం చెయ్యలేదు. ఈ సినిమాల్లో పళ్లబండి పెట్టుకోవడమే వాడి తప్పు," అన్నాడు.

తెర మీద రౌడీ పెదాలు చాలాసేపు ఆడాయి, మాట మాత్రం "పద" అని ఒక్కటే వచ్చింది. ఎక్కడి సినిమాయో, మాటలు ఇక్కడ అతికించారు. విలన్‌కూ, విలన్ తమ్ముడికీ, ఓ ముసలి వైద్యుడికీ ఒకే గొంతు. ఆ గొంతు ఎవరిదో ఆయనకు తెలియదు గానీ, పందొమ్మిదేళ్లుగా వింటున్నాడు. అది బొంగురుపోయిన ఏడాది మనసులో కంగారుపడ్డాడు, బాగుపడిన శనివారం కుదుటపడ్డాడు.

హీరో ఓ సత్రంలో నీళ్లు మోసే పనివాడు. పదిమంది వాడి చుట్టూ చేరారు. ఒకడొచ్చి తన్ని పోయాడు, రెండోవాడు వచ్చాడు, మిగిలినవాళ్లు చేతులు ఊపుకుంటూ గెంతుతూ నిలబడ్డారు.

"అందరూ ఒక్కసారే మీద పడొచ్చుగా?" అంది ఆవిడ.

"పడితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. మన లిఫ్టు దగ్గర జనం కంటే వీళ్లే నయం. వంతు కోసం ఆగుతారు."

ఆవిడ నవ్వలేదు, కానీ సంచి ఒళ్లో నుంచి పక్కకి పెట్టింది. తెల్ల కనుబొమల గురువు వచ్చి, కర్రతో ఈగను పట్టుకుని, హీరోతో నెలరోజులు నేల తుడిపించాడు. నేల తుడవడంలోనే విద్య అంతా ఉందని తర్వాత తేలింది. ఇది ప్రతి సినిమాలోనూ తేలుతుంది. తేలిన ప్రతిసారీ ఆయన సీట్లో ముందుకి జరిగి కూర్చునేవాడు. రోజూ చేసిన చాకిరీ ఒకనాటికి చేతికి బలమై వస్తుందని ఇంకెక్కడా ఎవరూ ఆయనకు చెప్పలేదు.

ఇంటర్వెల్‌కి ముందు, చెప్పినట్టే, గురువు చచ్చిపోయాడు. విలన్ అతన్ని సభలో అందరి ముందూ చెంపదెబ్బ కొట్టి, ఆ తర్వాత వెనక నుంచి పొడిచాడు. దీపాలు వెలిగాయి.

ఆవిడ సంచి భుజాన వేసుకుని లేచింది. "పదండి. మాటంటే మాటే."

ఆయన లేవలేదు. పిడిని ఓ చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు. "కూర్చో. ఒక్క సంగతి చెప్తా. విన్నాక కూడా వెళ్దామంటే వెళ్దాం," అన్నాడు.

ఆ గొంతు విని ఆవిడ కూర్చుంది.

"పందొమ్మిదేళ్ల కిందట ఓ శనివారం లిఫ్టు ఐదుకీ ఆరుకీ మధ్య ఆగిపోయింది. తాడు పట్టేసింది, నా తప్పు కాదు. లోపల తొమ్మిదిమంది. కొత్తగా వచ్చిన ఆఫీసరు ఒకడు ఉన్నాడు. చెమటలు పట్టాయి వాడికి. అందరి ముందూ నన్ను చెంప మీద కొట్టాడు."

ఆవిడ చూపు ఆయన చెంప మీదికి వెళ్లింది.

"కొట్టాడు. నేను స్టూలు మీదే కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. పావుగంట వాడి పక్కనే ఉండాల్సొచ్చింది, లిఫ్టు కదలదుగా. కదిలాక 'ఆరు' అని తలుపు తీశాను. దిగిపోయాడు. ఆ చెంపతో ఇంటికి ఎలా రాను? నువ్వు చూస్తావని భయం. దారిలో ఈ హాలు కనపడితే దూరాను. ఏ సినిమాయో కూడా చూడలేదు. మొదట్లోనే ఓ పనివాణ్ని చెంపదెబ్బ కొట్టారు. వాడు నాలాగే ఊరుకున్నాడు. చివరికి..." అని ఆగాడు. "చివరికి ఊరుకోలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తావు? వెళ్లి పోట్లాడతావు. నా ఉద్యోగం పోతుంది."

నిజమే. పోట్లాడేది. ఆ చెంపను ఇన్నేళ్లూ పక్కనే పడుకుని తాను చూడలేదన్నది ఆవిడకు ఎక్కడో పొడుచుకుంది. ఇన్ని శనివారాలు ఈయన సరదాకు తిరుగుతున్నాడనుకుని ఎన్నెన్ని మాటలందో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"వాడు ఇప్పుడెక్కడున్నాడు?"

"ఆరో అంతస్తులోనే. మేనేజరయ్యాడు. రోజుకు నాలుగుసార్లు మోస్తాను. వాడికి గుర్తు కూడా లేదు. ఇవాళ ఉండమన్నాడు. మెట్లున్నాయండీ అన్నాను."

"మీరా? అన్నారా?"

"అన్నాను," అన్నాడాయన. మొహంలో సిగ్గూ గర్వమూ కలిసి చిన్నపిల్లాడిలా అయ్యాడు.

గంట మోగింది. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. ఆవిడ భుజం మీది సంచి తీసి మళ్లీ పక్కన పెట్టింది. కొంగు నడుముకు దోపింది. ప్రసూతి వార్డులో కష్టమైన కాన్పు ముందు కూడా అలాగే దోపేది.

"కూర్చోండి. ఆ విలన్‌గాడు చచ్చేదాకా నేను లేవను," అంది.

రెండో సగంలో ఆవిడ మనిషే మారిపోయింది. హీరో నీళ్ల కావిళ్లతో కొండెక్కుతుంటే "అద్దీ!" అంది. వేణువు ఊదే అమ్మాయిని ఎత్తుకుపోతుంటే ముందు సీటును గుద్దింది. ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి చూస్తే, "సినిమా అక్కడ, ఇక్కడ కాదు," అంది. ఆయన తెర కంటే ఆవిణ్ణే ఎక్కువ చూశాడు. పందొమ్మిదేళ్లు ఒంటరిగా తిన్నది ఇంకొకరితో పంచుకుంటే ఇంత రుచిగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో పిలిచేవాణ్ని కదా అనుకున్నాడు.

హీరో విలన్ మేడకు వచ్చాడు. నాలుగంతస్తుల కర్ర మేడ. విలన్ పైన నడుం మీద చేతులు వేసుకుని నవ్వుతున్నాడు.

"విలనెప్పుడూ పై అంతస్తులోనే ఉంటాడు. ఒక్కడైనా లిఫ్టు పెట్టించుకోడు," అన్నాడాయన.

ఆవిడ పకపకా నవ్వింది. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని.

మొదటి అంతస్తులో గొలుసు తిప్పేవాడు. రెండో అంతస్తులో గొడ్డళ్లవాడు. అక్కడికి వచ్చేసరికి ఆయన ఛాతీ మీద ఎవరో పెద్ద మనిషి వచ్చి కూర్చున్నట్టయింది. చెయ్యి మోచేతి దాకా మొద్దుబారింది. బిళ్లలు ఆవిడ సంచిలో ఉన్నాయి, జానెడు దూరంలో. ఒక్క మాటంటే చాలు. అంటే ఏమవుతుందో కూడా తెలుసు. ఆవిడ లేస్తుంది, ఆయన్ని లేపుతుంది, దీపాలు వేయిస్తుంది, తెల్ల దుప్పటి పరిచిన బల్ల మీద పడుకోబెట్టి పైకప్పు చూడమంటారు. ఆ తర్వాత 'చూద్దాం'.

ఆయన పిడిని గట్టిగా పట్టుకున్నాడు. ఇంకో రెండంతస్తులే కదా అనుకున్నాడు. ఎవరు ఉండమన్నా ఉన్నాడు, ఎవరు దింపమంటే వాళ్లను దింపాడు. ఈ ఒక్కచోట తను ఎక్కడ ఆగాలో తనే చూసుకుంటాడు. మూడో అంతస్తులో హీరోకు భుజం మీద గాటు పడింది. వాడు నెత్తురు తుడుచుకుని మళ్లీ మెట్టు మీద కాలు పెట్టాడు.

ఆ తర్వాతి సంగతి ఆవిడకే తెలుసు.

హీరో నాలుగో అంతస్తు తలుపు తన్నగానే "చూశారా!" అని ఆవిడ ఆయన మోచేతిని పొడిచింది. మోచెయ్యి పక్కకి జారిపోయింది. పిడి ఒళ్లోకి దొర్లింది. ఆవిడ చూసింది. ఇరవై రెండేళ్లు ఆస్పత్రిలో చేసిన మనిషి. ముక్కు దగ్గర వేళ్లు పెట్టింది, మెడ పక్కన అదిమి చూసింది, అలవాటుగా బిళ్ల తీసి నాలుక కింద పెట్టింది, మళ్లీ మెడ పట్టుకుంది. అటూ ఇటూ రెండు నిమిషాలు. బిళ్ల పెట్టినచోటే ఉంది. ఎవరిని పిలిచినా ఏమీ లేదని ఆవిడ వేళ్లకు తెలిసిపోయింది.

తెర మీద విలన్ నవ్వుతూనే ఉన్నాడు, కుట్టు సరిగ్గా వాడి చెంప మీద పడింది.

ఆవిడ లేవలేదు. ఒళ్లోంచి పిడి తీసి తన గుప్పిట్లో పట్టుకుంది. ఇత్తడి ఇంకా వెచ్చగా ఉంది. రెండో చేత్తో ఆయన తలను తన భుజానికి ఆనించుకుని, చెవి దగ్గర పెదాలు పెట్టి మొదలుపెట్టింది.

"వాడు కత్తి తీశాడండీ. మనవాడి చేతిలో ఏమీ లేదు... నేల తుడిచే కర్ర దొరికింది. అదిగో, గురువు నేర్పినట్టే తిప్పుతున్నాడు... వాడి కత్తి ఎగిరిపోయింది. ఇప్పుడు చెంప మీద కొట్టాడండీ. అందరి ముందూ. ఇంకోటి. ఇంకోటి... పడ్డాడు. మెట్ల మీద పడ్డాడు. నాలుగు నుంచి మూడుకి, మూడు నుంచి రెండుకి, మెట్లన్నీ దొర్లాడండీ. కిందదాకా వచ్చేశాడు. లేవట్లేదు."

తెర మీద అక్షరాలు పడ్డాయి. జనం లేచి వెళ్లిపోయారు. టార్చి పట్టుకున్న గేటు మనిషి వచ్చి, ఎప్పుడూ వచ్చే మనిషే కదా అని నవ్వబోయి, ఆగాడు.

"ఎవరినైనా పిలువు బాబూ. ఈయన ఇక లేవరు," అంది ఆవిడ. అప్పుడు ఏడ్చింది. హాలు ఖాళీగా ఉంది కాబట్టి గట్టిగానే ఏడ్చింది.

ఆదివారానికల్లా అంతా అయిపోయింది. కూతురు తనను తాను తిట్టుకుంటూ, మధ్యలో అమ్మను తిడుతూ, ఏడుస్తూ లోపలి గదిలో పడుకుంది.

సోమవారం పొద్దున పదిన్నరకి ఆఫీసు అటెండరు వచ్చాడు. మంచివాడే. గుమ్మంలో చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మా పైకాకిందికా..." అని మొదలుపెట్టి, నాలుక్కరుచుకుని, "అన్నయ్య చాలా మంచి మనిషమ్మా," అన్నాడు.

"మీ మేనేజరుగారు రాలేదా?" అంది ఆవిడ.

"పనులున్నాయమ్మా. అదీ... అన్నయ్య దగ్గర లిఫ్టు పిడి ఉండాలట. తెమ్మన్నారు. పొద్దుటి నుంచీ అందరూ మెట్లే. మేనేజరుగారైతే మధ్యలో మూడుసార్లు కూర్చున్నారమ్మా. పైకొచ్చేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది."

"ఎన్నో అంతస్తు ఆయనది?"

"ఆరు."

తెలిసే అడిగింది. మనసారా ఓసారి వినాలనిపించింది.

"పిడి సంగతి నాకు తెలీదు బాబూ," అంది. "కొత్తది చేయించుకునేదాకా ఎక్కమను. మెట్లున్నాయిగా. నూట ముప్ఫై రెండు. మా ఆయన చూసే సినిమాల్లో అందరూ మెట్లెక్కే పైకొస్తారు."

అటెండరు కాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ తర్వాత అతని చూపు ఆవిడ భుజం మీదుగా గదిలోకి, కిటికీ దగ్గర బల్ల మీదికి వెళ్లి ఆగింది. పెదాల చివర నవ్వొకటి వచ్చి వెళ్లింది. "ఇంట్లో లేదని చెప్తానమ్మా," అని చెప్పులేసుకున్నాడు.

ఆవిడ తలుపు మూసి బల్ల దగ్గరికి వచ్చింది. ఈ రోజు వచ్చి చేరమన్న ఆస్పత్రి కాగితం అక్కడుంది. అది ఎగిరిపోకుండా దాని మీద ఇత్తడి పిడి, ఆయన బొటనవేలు ముప్ఫై ఒక్కేళ్లు ఆనినచోట చిన్న గుంటతో. ఆవిడ తన వేలు పెట్టి చూసింది, ఆ గుంట ఇంకా కాస్త మిగిలింది.